ఫైలు దొరకని మిలిటరీ డాక్టరు: రెండో ప్రపంచ యుద్ధం నాటి సర్వీసును తిరిగి కూర్చడం ఎలా

ప్రశ్న: మా తాతగారి పెదనాన్న డాక్టరు. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మాలో పనిచేశారని, "మిలిటరీ కెప్టెన్" అని ఇంట్లో చెప్పుకుంటారు. బందరు దగ్గర పల్లెటూరు. ఆయన పోయి అరవై ఏళ్లు దాటింది. ఇప్పుడు మిగిలినవి ఒక ఫోటో, మూడు పతకాలు, 1944 నాటి ఒక ఖాళీ కవరు. ఒక సైనిక కార్యాలయానికి రాస్తే "రికార్డు లేదు" అని ఒక్క ముక్కలో జవాబిచ్చారు. ఇంకేమైనా దారి ఉందా?

సమాధానం:

ఉంది. "రికార్డు లేదు" అంటే ఆయన సైన్యంలో లేరని కాదు. ఆ జవాబు వెనక సాధారణంగా మూడు కారణాలుంటాయి. మీరు రాసిన పేరు ఆ కాలపు కాగితాల్లో ఉన్న పేరు కాకపోవచ్చు. మీరు రాసిన కార్యాలయం ఆయన కాగితాలు ఉండాల్సినది కాకపోవచ్చు. లేదా ఫైలు నిజంగానే ధ్వంసమై ఉండొచ్చు. పింఛను లేకుండా సర్వీసు వదిలినవాళ్ల కాగితాలను 25 ఏళ్లు దాటాక తీసేయడానికి సైన్యపు నిబంధనల్లోనే వీలుంది. యుద్ధం కోసం ఎమర్జెన్సీ కమిషన్ (తాత్కాలిక ఆఫీసరు నియామకం) ఇచ్చి చేర్చుకున్న డాక్టర్లలో ఎక్కువమందిని 1946, 47ల్లో గ్రాట్యుయిటీ ఇచ్చి ఇంటికి పంపారు. కాబట్టి సొంత ఫైలు దొరకకపోవడమే మామూలు అనుకుని మొదలుపెట్టండి. పట్టుకోవాల్సినవి మూడు: ఆయన నెంబరు, ఆయన అసలు హోదా, ఏ తేదీకి ఏ యూనిట్‌లో ఉన్నారన్నది. ఈ మూడూ తేలితే ఫైలు లేకపోయినా సర్వీసును చాలావరకు తిరిగి కూర్చవచ్చు. యూనిట్ల కాగితాలు మనుషుల ఫైళ్లకన్నా బాగా మిగిలాయి.

ముందు హోదా సంగతి తేల్చండి. ఎక్కువమంది తప్పుదారి పట్టేది ఇక్కడే. ఆనాటి భారత సైన్యంలో "ఆఫీసర్లు" రెండు రకాలు. కమిషన్డ్ ఆఫీసర్లు లెఫ్టినెంట్, కెప్టెన్, మేజర్ వరసలో ఉండేవాళ్లు. వైస్రాయ్ కమిషన్ వాళ్లు జమేదార్, సుబేదార్, సుబేదార్ మేజర్. అశ్విక దళంలో అయితే రిసాల్దార్. (జమేదార్‌నే 1965 నుంచి నాయబ్ సుబేదార్ అంటున్నారు.) ఫోటోలో భుజం మీద ఒకే నక్షత్రం కనిపిస్తే సెకండ్ లెఫ్టినెంట్ కావచ్చు, జమేదారూ కావచ్చు. రెండుంటే లెఫ్టినెంట్ కావచ్చు, సుబేదారూ కావచ్చు. ఇంకో చిక్కు ఏమిటంటే, వైస్రాయ్ కమిషన్ వాళ్లలో కొందరికి రిటైరయ్యేటప్పుడు ఆనరరీ లెఫ్టినెంట్, ఆనరరీ కెప్టెన్ హోదా ఇచ్చేవారు. ఊళ్లో "కెప్టెన్‌గారు" అని స్థిరపడ్డ మనిషి యుద్ధంలో సుబేదార్ అయి ఉండటం అరుదేమీ కాదు. ఈ తేడా ఎందుకంత ముఖ్యమంటే, రెండు రకాల వాళ్ల కాగితాలు వేరువేరు చోట్ల ఉంటాయి.

డాక్టర్లకు ఈ గీత చదువు దగ్గరే పడింది. ఎం.బి.బి.ఎస్. చదివినవాళ్లు ఇండియన్ మెడికల్ సర్వీస్‌లోకి నేరుగా లెఫ్టినెంట్‌గా వెళ్లేవారు. అక్కడ సెకండ్ లెఫ్టినెంట్ మెట్టు లేదు. డిగ్రీ కాకుండా వైద్య డిప్లొమా చదివిన ఎల్.ఎం.పి. లైసెన్షియేట్లు ఇండియన్ మెడికల్ డిపార్ట్‌మెంట్‌లో సబ్ అసిస్టెంట్ సర్జన్లుగా, జమేదార్ హోదాతో మొదలయ్యేవారు. 1943 ఏప్రిల్ 3న ఈ రెండింటినీ, ఇండియన్ హాస్పిటల్ కోర్‌నూ కలిపి ఇండియన్ ఆర్మీ మెడికల్ కోర్ చేశారు. అందుకే ఒకే మనిషి 1942 కాగితంలో ఒక సంస్థలో, 1944 కాగితంలో ఇంకో సంస్థలో కనిపిస్తాడు. ఇద్దరు వేరు వ్యక్తులని పొరబడకండి. ఆయన విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీలోనో మద్రాసులోనో చదివి ఉంటే, మద్రాసు మెడికల్ కౌన్సిల్ అచ్చు వేసిన వైద్యుల రిజిస్టరులో డిగ్రీ, పేరు అక్షరక్రమం దొరుకుతాయి. సైన్యం రాసుకున్న పేరు చాలావరకు సర్టిఫికెట్ మీద ఉన్నదే.

ఇక చేతిలో ఉన్న వస్తువులు. పతకాల్ని చింతపండు పెట్టి తోమకండి, కావలసిన అక్షరాలే అరిగిపోతాయి. గుండ్రటి పతకమైతే అంచు చుట్టూ, నక్షత్రం ఆకారమైతే వెనకవైపు చూడండి. బ్రిటిష్ సైనికులకిచ్చిన నక్షత్రాలు పేరు లేకుండా వచ్చేవి. భారత సైన్యం వాళ్లవాటి మీద చాలాసార్లు నెంబరు, హోదా, పేరు, కోర్ (సైనిక విభాగం) సంక్షిప్తం చెక్కి ఉంటాయి. టార్చిలైటు పక్కనుంచి ఏటవాలుగా వేసి ఫోన్‌తో దగ్గరగా ఫోటో తీస్తే అరిగిన అక్షరాలు కూడా తేలతాయి. నెంబరు ముందు ఐ.ఇ.సి. ఉంటే భారతీయుడికిచ్చిన ఎమర్జెన్సీ కమిషన్. మెడికల్ ఆఫీసర్లకు ఎం.జెడ్. అని వస్తుంది. ముందు అక్షరాలు వదిలేసి అంకెలు మాత్రమే రాస్తే అదే నెంబరు మరో వరుసలో ఇంకెవరిదో అవుతుంది.

పేరు లేకపోయినా పతకం రకమే ఒక సాక్ష్యం. నక్షత్రాలన్నీ ఆరు కోణాలతో ఒకేలా ఉంటాయి. నడుమ రాజచిహ్నం చుట్టూ ఏ స్టారో రాసి ఉంటుంది. బర్మా స్టార్ 1941 డిసెంబరు 11 నుంచి 1945 సెప్టెంబరు 2 మధ్య అక్కడి సేవకు. దాని రిబ్బను ముదురు నీలం, నడుమ వెడల్పాటి ఎరుపు, ఇరువైపుల నీలంలో సన్నటి నారింజ చార. ఆఫ్రికా స్టార్ అయితే 1940 జూన్ 10 నుంచి 1943 మే 12 వరకు, ఇటలీ స్టార్ అయితే 1943 జూన్ 11 నుంచి 1945 మే 8 వరకు. మలయాలో ఉన్నవాళ్లకు పసిఫిక్ స్టార్. వార్ మెడల్ 28 రోజులు పనిచేసిన ఎవరికైనా వస్తుంది కాబట్టి దానివల్ల తెలిసేది తక్కువ. అయితే దాని రిబ్బను మీద చిన్న కంచు ఓక్ ఆకు ఉందేమో చూడండి. ఉంటే ఆయన పేరు యుద్ధరంగం నుంచి సేనాని పంపే నివేదికలైన డెస్పాచెస్‌లో ప్రస్తావనకు వచ్చినట్టు, అంటే బ్రిటిష్ ప్రభుత్వ పత్రమైన లండన్ గెజెట్‌లో అచ్చయినట్టు. ఇండియా సర్వీస్ మెడల్ ఉంటే భారతదేశంలో మూడేళ్ల సేవ ఉందని. 1947 ఆగస్టు 15 నాటి స్వాతంత్ర్య పతకం ఉంటే ఇంకా మంచిది: ఆ రోజుకి ఆయన ఇంకా సర్వీసులోనే ఉన్నారు, అప్పుడు కాగితాలు స్వతంత్ర భారత సైన్యం చేతికి వచ్చి మిగిలి ఉండే అవకాశం ఎక్కువ.

ఫోటోలో చూడాల్సింది మొహం కాదు, భుజాలు, చేతులు, అట్ట. భుజం అంచున ఇత్తడి అక్షరాలుంటే కోర్ తెలుస్తుంది. చేతి పైభాగాన గుడ్డ బిళ్ల ఉంటే డివిజన్ తెలుస్తుంది: నల్లపిల్లి 17వ భారత డివిజన్, బాకు 19వది, నల్లటి నేల మీద ఎర్రటి గుండ్రం 5వది, బంగారు బాణం 7వది, పోట్లాడే కోడిపుంజు 23వది, ఎర్ర గద్ద 4వది. అట్ట మీద స్టూడియో ముద్ర, ఊరు ఉంటే అది కూడా రాసుకోండి.

ఖాళీ కవరే మీ దగ్గరున్న వాటిలో విలువైనది. యుద్ధరంగం నుంచి వచ్చే ఉత్తరాల మీద ఊరి పేరు రాయనిచ్చేవారు కాదు. ముద్రలో "ఎఫ్.పి.ఓ." అని, ఒక నెంబరు, తేదీ మాత్రమే ఉంటాయి. ఆ ఫీల్డ్ పోస్టాఫీసు ఏ తేదీన ఎక్కడుందో తపాలా ముద్రలు సేకరించేవాళ్లు జాబితాలు కట్టి పెట్టారు. మన దగ్గర ఆర్మీ ఫిలాటెలిక్ సొసైటీ, ఇంగ్లండులో ఫోర్సెస్ పోస్టల్ హిస్టరీ సొసైటీ ఇలాంటి పనిలో ఉన్నవే. నెంబరు, తేదీ రెండూ కలిస్తేనే చోటు తేలుతుంది, ఎందుకంటే దళంతో పాటే పోస్టాఫీసూ కదిలేది. పంపినవారి చిరునామాలో యూనిట్ పేరు ఉండొచ్చు: ఐ.జి.హెచ్. అంటే ఇండియన్ జనరల్ హాస్పిటల్, సి.సి.ఎస్. అంటే క్యాజువాల్టీ క్లియరింగ్ స్టేషన్, ఎఫ్.డి. ఏ.ఎం.బి. అంటే ఫీల్డ్ అంబులెన్స్ (వాహనం కాదు, యుద్ధరంగంలోని వైద్య యూనిట్), ఎం.ఎఫ్.టి.యు. అంటే ముందు వరుస దగ్గరి మలేరియా చికిత్సా కేంద్రం. కవరు మూల సంతకం ఉంటే అది సెన్సార్ చేసిన ఆఫీసరుది. ఆఫీసర్లు తమ ఉత్తరాల మీద తామే సంతకం పెట్టుకునేవారు కాబట్టి అది ఆయనదే కావచ్చు. హోదా కూడా పక్కనే రాసి ఉండొచ్చు.

ఇప్పుడు పేరు. తెలుగువాళ్ల విషయంలో సగం వెతుకులాట ఇక్కడే మునుగుతుంది. ఆర్మీ జాబితాలు, గెజెట్లు మన ఇంటిపేరును ఇంటిపేరుగా గుర్తించవు; చివరి ముక్కనే ఇంటిపేరనుకుంటాయి. కాబట్టి మీ మనిషి ఇంటిపేరు కింద ఉండరు, "రావు" కిందో "రాజు" కిందో "మూర్తి" కిందో పొడి అక్షరాలతో ఉంటారు. రావులు పేజీలకు పేజీలుంటారు. అక్కడ పొడి అక్షరాలే దిక్కు, వాటి వరస కూడా మారొచ్చు. రెడ్డి, మూర్తి, శాస్త్రి చివర ఇంగ్లిషులో "వై", "ఐ" రెండూ ప్రయత్నించండి. స్వామిని కనీసం మూడు రకాలుగా రాసేవారు. ఊళ్లూ అంతే: బందరు మసులిపటం, కృష్ణా "కిస్ట్నా", కాకినాడ "కొకనాడ", ఏలూరు "ఎల్లోర్", విశాఖ "విజగపటం", కడప "కడప్పా". జిల్లా పక్కన "మద్రాస్" అనే ఉంటుంది.

నెంబరు, పేరు రూపం చేతికొచ్చాక అచ్చు కాగితాలకు వెళ్లండి. యుద్ధకాలంలో ఇండియన్ ఆర్మీ లిస్ట్ క్రమం తప్పకుండా వెలువడింది. పాత డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ప్రతులు కొన్ని ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఉచితంగా ఉన్నాయి, మిగతావి బ్రిటిష్ లైబ్రరీలో. కమిషన్లు, ప్రమోషన్లు, విడుదలలు గెజెట్ ఆఫ్ ఇండియాలో వచ్చేవి. 1942 దాకా డిఫెన్స్ డిపార్ట్‌మెంట్ శీర్షిక కింద, ఆ తర్వాత వార్ డిపార్ట్‌మెంట్ కింద వెతకాలి. ఈ మార్పు తెలియక 1943 సంచికల్లో వెతికి "లేదు" అనుకునేవాళ్లు చాలామంది. లండన్ గెజెట్ వెబ్‌సైట్ ఉచితమే కానీ, దాని సెర్చ్‌ను పూర్తిగా నమ్మకండి. పాత అచ్చును యంత్రం చదివినప్పుడు మన పేర్లు ముక్కలవుతాయి. నెంబరులోని అంకెలు మాత్రమే పెట్టి వెతకడం, లేదా తేదీల పరిధి తగ్గించి ఆ సప్లిమెంట్‌ను కంటితో చదవడం మేలు.

ఒక జాబితాలో లెఫ్టినెంట్, ఇంకోదాంట్లో కెప్టెన్ అని ఉంటే తికమక పడక్కర్లేదు. యుద్ధంలో ఒకే మనిషికి ఒకేసారి రెండు హోదాలుండేవి: వార్ సబ్‌స్టాంటివ్ లెఫ్టినెంట్, టెంపరరీ కెప్టెన్ అని. మొదటిది అసలు హోదా. పోస్టు పోతే టెంపరరీ హోదా పోయేది. జాబితా అసలు హోదా చెబుతుంది, ఇంట్లో పెద్ద హోదా గుర్తుంటుంది. రెండూ నిజమే కావచ్చు.

అప్పుడు కార్యాలయాలు. కమిషన్డ్ ఆఫీసరైతే ఢిల్లీలో సైన్య ప్రధాన కార్యాలయంలోని మిలిటరీ సెక్రటరీ బ్రాంచి. డాక్టరైతే సాయుధ దళాల వైద్య సేవల డైరెక్టర్ జనరల్ కార్యాలయం. వైస్రాయ్ కమిషన్ వాళ్లకు, జవాన్లకు ఆయా కోర్ రికార్డ్స్ ఆఫీసులు: మెడికల్ కోర్‌కి లక్నో, మద్రాస్ రెజిమెంట్‌కి వెల్లింగ్టన్, ఇంజనీర్ల దళమైన మద్రాస్ సాపర్స్‌కి బెంగళూరు, సిగ్నల్స్‌కి జబల్‌పూర్, ఆర్టిలరీకి నాసిక్ రోడ్. ఇ.ఎం.ఇ. (యంత్రాల మరమ్మతు దళం), ఆర్డ్‌నెన్స్ (ఆయుధ సామగ్రి దళం) రెండిటివీ సికింద్రాబాదులోనే ఉన్నాయి. పింఛను కాగితం ఏదైనా కనిపిస్తే దాని మీది పి.పి.ఓ. (పింఛను చెల్లింపు ఉత్తర్వు) నెంబరుతో ప్రయాగ్‌రాజ్ డిఫెన్స్ అకౌంట్స్ పింఛను కార్యాలయానికి రాయొచ్చు.

మామూలు ఉత్తరం కాకుండా సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. రుసుము 10 రూపాయలు, గడువు 30 రోజులు. విదేశాల్లో ఉన్నా భారత పౌరులైతే ఆన్‌లైన్లో పెట్టుకోవచ్చు. పౌరసత్వం మారినవాళ్లు ఇక్కడి బంధువు పేరున పెట్టించాలి. "మా తాతగారి వివరాలు ఇప్పించగలరు" అని రాస్తే వచ్చేది మీకొచ్చిన జవాబే. కాగితం పేరు పెట్టి అడగాలి. జవాన్లు, వైస్రాయ్ కమిషన్ వాళ్ల విషయంలో షీట్ రోల్ (సొంత సర్వీసు కాగితం) ధ్వంసమైనా లాంగ్ రోల్ అనే రిజిస్టరును ఉంచుతారు. అందులో నెంబరు, పేరు, తండ్రి పేరు, ఊరు, చేరిన తేదీ, విడుదల తేదీ, కారణం ఒక వరుసలో ఉంటాయి. "లాంగ్ రోల్‌లో ఫలానా నెంబరు ఎంట్రీ నకలు" అని అడగండి. ఆఫీసరైతే "రికార్డ్ ఆఫ్ సర్వీస్ నకలు, ధ్వంసమై ఉంటే ఆ ధ్వంసం నమోదు చేసిన రిజిస్టరు పేజీ నకలు" అని కలిపి రాయండి. రెండో ముక్క ఉంటే ఊరికే "లేదు" అని దాటవేయడం కష్టం. నెంబరు, ఆనాటి పేరు అక్షరక్రమం, కోర్, తండ్రి పేరు, గ్రామం, తాలూకా, జిల్లా, సుమారు సంవత్సరాలు ఇచ్చి, మరణ ధ్రువపత్రం, బంధుత్వానికి రుజువు జతచేయండి. మీరు రాసిన ఆఫీసు వేరైతే సెక్షన్ 6(3) కింద వాళ్లే సరైన చోటికి బదిలీ చేయాలి. ఆ సెక్షన్ పేరు దరఖాస్తులో వేయండి. "వ్యక్తిగత సమాచారం" అని తిరస్కరిస్తే 30 రోజుల్లో మొదటి అప్పీలు చేసి సెక్షన్ 8(3) ఎత్తిచూపండి. 20 ఏళ్లు దాటిన సంఘటనల సమాచారానికి ఆ మినహాయింపు అడ్డురాదు.

కథ అసలు దొరికేది మాత్రం యుద్ధ డైరీల్లో. ప్రతి యూనిట్ నెలనెలా రాసి పైకి పంపాల్సిన దినచర్య అది. జవాన్ల పేర్లు అందులో అరుదు. ఫీల్డ్ అంబులెన్స్‌లో ఆఫీసర్లు కొద్దిమందే కాబట్టి "ఫలానా కెప్టెన్ చేరారు", "ఫలానా బెటాలియన్‌కు డాక్టరుగా వెళ్లారు", "మలేరియాతో తరలించారు" అని పేర్లతో సహా ఉంటుంది. లండన్ క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో వైద్య యూనిట్ల డైరీలు డబ్ల్యూ.ఓ. (వార్ ఆఫీస్) 177 వరుసలో, బర్మా రంగపు మిగతా యూనిట్లవి డబ్ల్యూ.ఓ. 172లో, మధ్యప్రాచ్యం 169లో, ఇటలీ 170లో ఉన్నాయి. బర్మా అని 172లో మాత్రమే వెతికి డాక్టర్లను పోగొట్టుకోవడం ఇక్కడ అందరూ చేసే తప్పు. ఆయన్ను బెటాలియన్‌కు పంపినట్టు 177లో కనిపిస్తే, అప్పుడు 172లో ఆ బెటాలియన్ డైరీ తెరవాలి. కాటలాగ్ ఇంటినుంచే చూడొచ్చు. డైరీలు చాలావరకు స్కాన్ కాలేదు. వెళ్లినవాళ్లు సొంత కెమెరాతో ఉచితంగా తీసుకోవచ్చు. అక్కడున్న మన బంధువులెవరికైనా ఫైలు నెంబరు, నెలలు రాసిస్తే ఒక పూటలో అయ్యే పని. "మొత్తం తీసుకురా" అని మాత్రం చెప్పకండి.

అవార్డుల సిఫార్సులు డబ్ల్యూ.ఓ. 373లో ఉన్నాయి, ఇవి స్కాన్ అయ్యాయి. మిలిటరీ క్రాస్, ఎం.బి.ఇ. లాంటి గౌరవం వచ్చి ఉంటే ఏ రోజు ఏం చేశారో ఒక పేరా అక్కడ దొరుకుతుంది. డెస్పాచెస్ ప్రస్తావనకు చాలాసార్లు గెజెట్‌లో పేరే తప్ప కారణం ఉండదు.

ఢిల్లీలో జాతీయ అభిలేఖాగారం కాటలాగ్ "అభిలేఖ్ పటల్" పోర్టల్‌లో ఉంది. రక్షణ మంత్రిత్వ శాఖ చరిత్ర విభాగం దగ్గర కూడా యుద్ధ డైరీలున్నాయి, చూడాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. బ్రిటిష్ లైబ్రరీలోని ఎల్./ఎం.ఐ.ఎల్./14 వరుసలో భారత సైన్యం ఆఫీసర్ల సర్వీసు కాగితాలున్న మాట నిజమే. కానీ అవి ఎక్కువగా బ్రిటిష్ ఆఫీసర్లవి. మన వాళ్ల కోసం అక్కడ డబ్బు పోయకండి.

మీ పెద్దాయన 1942కు ముందే మలయా వెళ్లి ఉంటే దారి మారుతుంది. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ జపాన్‌కు లొంగిపోయాక బందీ అయినవాళ్లలో ఎందరో ఆజాద్ హింద్ ఫౌజులో చేరారు. దాని తాలూకు 990 ఫైళ్లను రక్షణ శాఖ 1997లో జాతీయ అభిలేఖాగారానికి అప్పగించింది. 1944 కవరు బర్మా వైపు దళాలతో వచ్చిందైతే ఈ దారి మీకు అక్కర్లేదు. యుద్ధంలో చనిపోయినవాళ్లైతే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైటులో పేరు, నెంబరు, యూనిట్ నిమిషంలో తేలతాయి. వాళ్ల లెక్క 1947 డిసెంబరు 31 దాకా వస్తుంది. సమాధి లేదని వదిలేయకండి. దహనం చేసిన హిందూ సైనికుల పేర్లు ఇంఫాల్, కొహిమా లాంటి చోట్ల దహన స్మారకాల మీద ఉన్నాయి.

తెలంగాణ కుటుంబాలకు ఒక హెచ్చరిక. కాగితం మీద "19వ హైదరాబాద్ రెజిమెంట్" అని ఉంటే అది నిజాం సైన్యం కాదు. అందులో కుమావూనీలు, జాట్లు, అహీర్లు ఎక్కువ. 1945లో దాని పేరు కుమావూన్ రెజిమెంట్ అయింది, కేంద్రం రాణీఖేత్. నిజాం దళాలు వేరు: హైదరాబాద్ ఇన్‌ఫెంట్రీ, హైదరాబాద్ లాన్సర్స్. 1941 డిసెంబరులో మలయాలోని కోటా బారు విమానాశ్రయం కాపలాలో ఉన్న 1వ హైదరాబాద్ ఇన్‌ఫెంట్రీ ఆ కోవదే. వాళ్ల కాగితాలకు ముందు తార్నాకలోని తెలంగాణ రాష్ట్ర అభిలేఖాగారంలో అడగండి.

చివరగా ఇంటి దగ్గరి కాగితాలు. ఇవి చాలామందికి తట్టవు. మాజీ సైనికుల కోటాలో డి.కె.టి. పట్టా (ప్రభుత్వ భూమి కేటాయింపు) వచ్చి ఉంటే తహసీల్దారు కార్యాలయంలోని ఆ అసైన్‌మెంట్ ఫైల్లో డిశ్చార్జి కాగితం నకలు ఉండే అవకాశముంది. సర్వే నెంబరు చెబితే ఫైలు తీయడం తేలిక. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పాత రిజిస్టర్లు చూడమనండి, ముఖ్యంగా ఆయన భార్య తర్వాత చాలా ఏళ్లు బతికి సాయం ఏదైనా అందుకుని ఉంటే. బందరు మనిషి కాబట్టి కృష్ణా పత్రిక, ఆంధ్రపత్రికల 1942–46 సంచికలు కూడా చూడదగ్గవే. స్థానికుడికి కమిషన్ వచ్చిందనో సెలవు మీద ఇంటికొచ్చాడనో రెండు వాక్యాల వార్త వేసేవారు. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ వీటిని స్కాన్ చేయించింది. ఆ స్కాన్లలో పదం పెట్టి వెతికే వీల్లేదు, తేదీ పట్టుకుని పేజీ తిప్పాల్సిందే. అందుకే ఈ పని గెజెట్‌లో కమిషన్ తేదీ దొరికాక పెట్టుకోండి, అప్పుడు ఆ తేదీకి అటూ ఇటూ రెండు నెలల సంచికలు చూస్తే చాలు.